ఛారిటీ రైడ్‌కి వాన సామాను: మడ్‌గార్డు ముందు, జాకెట్ చివర

జూలై, ఆగస్టు నెలల్లో వంద కిలోమీటర్ల ఛారిటీ సైకిల్ రైడ్‌కి పేరిచ్చినవాళ్లు సాధారణంగా మొదట కొనేది రెయిన్ జాకెట్. ఆఖరున గుర్తొచ్చేది మడ్‌గార్డు. కొనాల్సిన వరుస దీనికి సరిగ్గా తలకిందులు. పైనుంచి పడే వాన మంచినీళ్లు, ఒళ్లు తడుపుతుంది, అంతే. చక్రం ఎగజిమ్మే నీళ్ల సంగతి వేరు. వాటిలో ఇసుక, డీజిల్ జిడ్డు, పేడ, గాజు పొడి అన్నీ కలిసి ఉంటాయి. నడుం మీద, పాదాల మీద, చైను మీద, బ్రేకుల మీద, వెనక వచ్చే మనిషి మొహం మీద పడేవి ఆ నీళ్లే. అందుకే ఇక్కడ ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్నతో తూచాం: కింద నుంచి లేచే నీళ్లను ఇది ఎంత ఆపుతుంది, ఆపలేకపోతే ఎంతవరకు తట్టుకుంటుంది?

దారిగా హైదరాబాద్ అంచున ఉన్న అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్ మీదుగా అనంతగిరి గుట్టల దాకా వెళ్లి తిరిగొచ్చేదాన్ని తీసుకున్నాం. రానుపోను 120 కిలోమీటర్లు దాటుతుంది. ఊరి ట్రాఫిక్, హైవే, రోడ్డు పనులు జరిగే చోట్ల ఎర్రమట్టి, పక్కన నల్లరేగడి, చివర్లో ఘాట్, అన్నీ ఇందులో ఉన్నాయి. నెలల లెక్క కూడా గట్టిగా నమ్మొద్దు. 2020లో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది అక్టోబరు 13న.

ఛారిటీ రైడ్‌కి ఇంకో తిరకాసు ఉంది. మామూలు ఆదివారం రైడ్‌లో వాన ముదిరితే వెనక్కి తిరిగొచ్చేస్తారు. ఇక్కడ ఆఫీసులో, అపార్ట్‌మెంటులో, బంధువుల దగ్గర కిలోమీటరుకి ఇంత అని చందా ఒప్పించుకుని వస్తారు. ఆగితే మాట పోతుందని తొక్కుతూనే ఉంటారు. గుంపులో గేర్లు లేని సైకిల్ నుంచి కార్బన్ రోడ్ సైకిల్ దాకా అన్నీ ఉంటాయి, తొక్కేవాళ్ల అనుభవం కూడా అలాగే. కాబట్టి "నాకు హాయిగా ఉందా" అన్నది ఒక్కటే సరిపోదు. "నా వెనకున్నవాళ్లకి ఇబ్బందా" అన్నది కూడా చూడాలి.

మడ్‌గార్డులు బజార్లో మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది సీటు కింద దూర్చే ప్లాస్టిక్ రేకు. జేబులో పడుతుంది, అర నిమిషంలో ఎక్కుతుంది, పిర్రలు తడవకుండా కాపాడుతుంది. అంతకుమించి ఏమీ చేయదు. వెనకవాళ్ల మొహం మీద పడే జల్లు అలాగే పడుతుంది. గంట లోపు రైడ్‌కి సరే, వంద కిలోమీటర్లకి పనికిరాదు. రెండోది రబ్బరు పట్టీలతో ఫ్రేముకి బిగించే పొట్టి మడ్‌గార్డు. ఫ్రేములో మడ్‌గార్డు బోల్టులకి కన్నాలు లేని రోడ్ సైకిళ్లకి ఇదొక్కటే దారి. నడుం పొడిగా ఉంటుంది కానీ పాదాలు తడుస్తాయి, గుంత పడ్డప్పుడల్లా పక్కకి జరిగి టైరుకి రాసుకుంటుంది. పట్టీ కింద ఇసుక చేరి ఫ్రేము రంగు గీకేస్తుంది, అందుకని బిగించే చోట ముందే పాత ట్యూబు ముక్క చుట్టాలి.

మూడోది ఊచలతో బిగించే ఫుల్ మడ్‌గార్డు. మా తీర్పు పూర్తిగా దీనివైపే. కొనేటప్పుడు చూడాల్సిన మొదటి కొలత వెడల్పు. టైరు కంటే కనీసం 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 35 టైరుకి 45 మడ్‌గార్డు, 28 టైరుకి 37 దాకా. వెడల్పు చాలకపోతే నీళ్లు పక్కల నుంచి చిమ్ముతాయి, డబ్బు దండగ. బిగించడానికి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ, 8 మిల్లీమీటర్ల స్పానరు, ఎక్కువైన ఊచ కోయడానికి హ్యాక్‌సా బ్లేడు కావాలి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చుట్టూ ఒకేలా 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా ఊచలు సర్దాలి. ప్రతి బోల్టుకీ లోపల నైలాన్ ఉండే నట్టు గానీ, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) చుక్క గానీ తప్పనిసరి. మామూలు నట్టు యాభై కిలోమీటర్లకే వదులవుతుంది. ముందు గడగడ శబ్దం వస్తుంది, తర్వాత ఊగి ఊగి బోల్టు దగ్గర ప్లాస్టిక్ చిట్లుతుంది.

ముందు చక్రం మడ్‌గార్డు విషయంలో ఒక్క చోట రాజీ పడొద్దు. ఊచల చివర సేఫ్టీ క్లిప్పు ఉన్నదే తీసుకోండి. కర్రపుల్లో, ప్లాస్టిక్ కవరో టైరుతో పాటు లోపలికి లాక్కుపోతే, క్లిప్పు లేని మడ్‌గార్డు ముడుచుకుపోయి చక్రాన్ని ఆపేస్తుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. క్లిప్పు ఉంటే ఊచ ఊడి బయటికి వస్తుంది. ఎస్‌కేఎస్ కంపెనీ ఫుల్ మడ్‌గార్డుల్లో ముందువైపు ఇవి వస్తాయి. చవక రకాల్లో ఉన్నాయో లేదో పెట్టె తెరిచి చూశాకే డబ్బు ఇవ్వండి.

ఇక ఫ్లాపు. ముందు మడ్‌గార్డు చివర రబ్బరు ఫ్లాపు నేల నుంచి ఒక జానెడు ఎత్తు కంటే బాగా కిందికి రావాలి, అప్పుడే పాదాలూ పెడళ్ల మధ్య ఉండే బాటమ్ బ్రాకెట్టూ బతుకుతాయి. కంపెనీ ఇచ్చే ఫ్లాపులు పొట్టివి. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ప్లాస్టిక్‌నో, లారీ ట్యూబు ముక్కనో కోసి రెండు చిన్న బోల్టులతో బిగిస్తే పని జరుగుతుంది. వెనక ఫ్లాపు మీకోసం కాదు, మీ వెనక తొక్కేవాళ్లకోసం. గుంపుగా వెళ్లే రైడ్‌లో ఇది మర్యాద. నిర్వాహకులు దీన్ని నిబంధనగా పెడితే ఇంకా మంచిది.

ఫుల్ మడ్‌గార్డు ఓడిపోయేది ఒక్కచోట, నల్లరేగడిలో. చేవెళ్ల దాటాక లారీకి దారిచ్చి తారు దిగారంటే ఆ మట్టి టైరుకి పిండిలా అతుక్కుని, పది చుట్లలో మడ్‌గార్డు లోపల నిండిపోతుంది. చక్రం తిరగదు. తొక్కి వదిలించాలని చూడొద్దు, ఊచలు వంగుతాయి. దిగి, పుల్లతో గీకి, సీసాలో నీళ్లు పోసి కడగాలి. రేగడి నేల మీద దిగాల్సి వస్తే సైకిల్ ఎత్తి పట్టుకోవడమే తెలివైన పని.

టైర్ల గురించి పెద్ద అపోహ ఒకటి ఉంది: వానకి గాడులు ఎక్కువున్న టైరు కావాలని. కారుకి ఆ మాట నిజం. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, గాలి ఒత్తిడి ఎక్కువ, వేగం తక్కువ. అది నీళ్ల మీద తేలే పరిస్థితి రాదు. పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనం, వెడల్పు, సరైన గాలి. రోడ్ సైకిల్‌కి 25 బదులు 28 గానీ, ఫ్రేములో చోటుంటే 32 గానీ వేయించండి. గాలి ఎప్పుడూ కొట్టేదాని కంటే 5 నుంచి 10 పీఎస్‌ఐ తగ్గించండి. ఇంకా తగ్గిస్తే గుంత అంచుకి ట్యూబు నొక్కుకుపోయి, పాము కాటులా రెండు కన్నాలు పడతాయి. బొడిపెలున్న ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) టైరుకి తడి తారు మీద పట్టు తక్కువ, తొక్కుడు బరువు.

వానలో పంక్చర్లు పెరగడానికి కారణం ఉంది. నీళ్లు రబ్బరుకి నూనెలా పనిచేస్తాయి, గాజు ముక్క పొడి టైరు కంటే తడి టైరులోకి సులువుగా దిగుతుంది. వరద నీరు రోడ్డు అంచుకి కొట్టుకొచ్చిన సర్కారు తుమ్మ ముళ్లు వేరే. ముల్లు భయం ఎక్కువున్నవాళ్లకి ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి టైరు ఉంది. తొక్కే భాగం కింద 5 మిల్లీమీటర్ల రక్షణ పొర ఉంటుంది. బరువెక్కువ, చురుకుదనం తక్కువ, కొత్త టైరు రిమ్ముకి ఎక్కించడానికి వేళ్లు నొప్పెడతాయి. హైబ్రిడ్ సైకిల్ మీద నింపాదిగా పూర్తి చేద్దామనుకునేవాళ్లకి బాగుంటుంది, రోడ్ సైకిల్‌కి అక్కర్లేదు.

ప్యాచ్ కిట్‌ని నమ్ముకోవద్దు. తడి ట్యూబు మీద సొల్యూషన్ అతకదు. రెండు కొత్త ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు మూడు, చేతి పంపు పెట్టుకోండి. గాలి నింపే గ్యాస్ కార్ట్రిడ్జ్ ఒక్కటే తెచ్చుకుంటే, తడి వేళ్లతో సరిగ్గా బిగించక అది తుస్సుమంటే దారి మధ్యలో ఉండిపోతారు. ట్యూబు మార్చే ముందు టైరు లోపల ఒక గుడ్డ తిప్పండి. ముల్లు ఉంటే గుడ్డకి తగులుకుంటుంది, వేలికి గుచ్చుకోదు. ముల్లు తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పది నిమిషాల్లో పోతుంది.

బ్రేకుల దగ్గర అన్నిటికంటే ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే అనంతగిరి దిగుడులో మిమ్మల్ని ఆపేవి అవే.

రిమ్ బ్రేకున్న సైకిల్‌లో లివరు నొక్కగానే వానలో ఏమీ జరగదు. మొదటి ఒకటి రెండు చుట్లు రిమ్ము మీది నీళ్లు తుడవడానికే పోతాయి, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ ఖాళీలో భయపడి ఇంకా గట్టిగా నొక్కినవాళ్లే జారి పడేది. మలుపుకి చాలా ముందే లివరు కొద్దిగా తాకించి రిమ్ము తుడుచుకుంటూ రావాలి. ప్యాడ్లు మార్చేటట్లయితే కూల్‌స్టాప్ కంపెనీ సాల్మన్ (నారింజ కలిసిన గులాబీ) రంగు ప్యాడ్లు వానకే పేరుపడ్డవి, నల్లరకం కంటే తడిలో నమ్మకంగా పట్టుకుంటాయి, రిమ్మునీ తక్కువ తింటాయి. ఏ ప్యాడ్ అయినా రైడ్ ముందురోజు విప్పి ముఖం చూడండి. మెరిసే అల్యూమినియం తునకలు కనిపిస్తే సూదితో తీసేయండి, గరుకు కాగితంతో పైపొర రుద్దండి. వదిలేస్తే ఆ తునకలు రిమ్మునే కోస్తాయి. బ్రేకు నొక్కితే గరగరమంటోందంటే అర్థం ఇదే.

డిస్క్ బ్రేకు తడిలో చాలా మెరుగు. దానికున్న రోగం వేరు, ప్యాడ్లు త్వరగా అరిగిపోవడం. ఎర్రమట్టి నీళ్లు రెసిన్ (జిగురుతో కట్టిన మెత్తరకం) ప్యాడ్‌ని గరుకు కాగితంలా అరగదీస్తాయి. బాగున్నట్టు కనిపించిన ప్యాడ్లు కూడా ఒక్క వాన రైడ్‌లో అయిపోవచ్చు. రుద్దుకునే పొర 0.5 మిల్లీమీటర్లకి చేరితే మార్చాల్సిందే, పెద్ద రైడ్‌కి ముందు 1.5 కంటే తక్కువుంటే మేమైతే మార్చేస్తాం. లోహం కలిపిన సింటర్డ్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, కీచుమంటాయి. ఒక జాగ్రత్త: కొన్ని షిమానో కంపెనీ రోటర్ల (ప్యాడ్లు పట్టుకునే బ్రేకు పళ్లేల) మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉంటుంది, వాటిమీద సింటర్డ్ వేయకూడదు. కొత్త ప్యాడ్లు వేశాక వేగం అందుకుని నెమ్మదిగా తగ్గించడం ఓ ఇరవై సార్లు చేస్తే గానీ పట్టు రాదు. ఈ పని రైడ్ రోజు పొద్దున పెట్టుకోవద్దు. కేబుల్‌తో నడిచే డిస్క్ అయితే ప్యాడ్ అరిగేకొద్దీ లివరు లోపలికి పోతుంది. కాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) మీది మర దారిలో తిప్పుకోవడానికి అలెన్ కీ జేబులో ఉండాలి.

బిగింపులన్నీ, కొత్త ప్యాడ్లూ సరిచూసుకోవడానికి మంచి చోటు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్. 2023 అక్టోబరు 1న మొదలైంది, మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5. వెడల్పు 4.5 మీటర్లు. లారీలూ బస్సులూ లేని చోట మడ్‌గార్డు ఎక్కడ గడగడమంటోందో చెవికి తెలుస్తుంది. అయితే పక్కలకు గోడలుండవు కాబట్టి గాలివాన లోపలికి కొడుతుంది. కప్పు ఉంది కదా అని నేల పొడిగా ఉంటుందని అనుకుని వేగంగా మలుపు తిరగకండి.

చైనుకి వేసే నూనెల్లో "డ్రై" అని రాసినవి హైదరాబాద్ ఎండాకాలపు దుమ్ముకి బాగుంటాయి, వానలో త్వరగా కొట్టుకుపోతాయి. "వెట్" అని రాసింది తీసుకోండి. ముందురోజు సాయంత్రం ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేయాలి. సుమారు 110 నుంచి 116 లింకులుంటాయి, ఓపికగా చేస్తే పది నిమిషాల పని. పెడల్ వెనక్కి కాసేపు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున పైన ఉన్నదంతా గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. నూనె పనిచేసేది రోలరు లోపల. పైన మిగిలింది ఇసుకని పట్టుకోవడానికే పనికొస్తుంది. డబ్ల్యూడీ-40 నీళ్లను తరిమేదే గానీ చైనుని కాపాడే నూనె కాదు, కొబ్బరినూనె అసలే కాదు. ఏ స్ప్రే అయినా డిస్క్ రోటరు దగ్గర కొట్టొద్దు. ఒక్క తుంపర పడినా ప్యాడ్లు పాడై పారేయాల్సి వస్తుంది.

రైడ్ ముందు "జనరల్ సర్వీసింగ్" చేయించేవాళ్లకి ఒక మాట. ఆ పేరుతో జరిగేది చాలాచోట్ల కడగడం, నూనె, గాలి, గేర్లు సర్దడం. వానకి కావాల్సినవి అడిగితేనే చేస్తారు: ప్యాడ్ల మందం కొలవడం, హబ్బుల్లో, హెడ్‌సెట్‌లో (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల్లో) గ్రీజు, కేబుల్ ఔటర్‌లో తుప్పు, సీట్‌పోస్టుకి గ్రీజు. కాగితం మీద రాసి ఇవ్వండి. రైడ్‌కి కనీసం వారం ముందు చేయించి ఒకసారి 30 కిలోమీటర్లు తొక్కండి, కొత్త కేబుల్ సాగేది ఆ తొక్కుడులోనే.

ఇప్పుడు జాకెట్. ఆగస్టులో హైదరాబాద్ పగటివేడి 30 డిగ్రీల దరిదాపుల్లో, రాత్రి 22 దాకా ఉంటుంది, గాలిలో తేమ నిండుగా. చెమట ఆవిరిని బయటికి పంపే పొర పనిచేయాలంటే లోపల కంటే బయట తేమ తక్కువుండాలి. ముసురులో ఆ తేడా చాలా తగ్గిపోతుంది. ట్యాగు మీద ఆవిరి పంపే సామర్థ్యం 10,000 అని రాసున్న జాకెట్ అయినా ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి నుంచి తడిసిపోతుంది. అంత డబ్బు పోసి చెమటలో నానడం ఎందుకు? ఇక్కడి వానకి పలచటి గాలి ఆపే చేతుల్లేని జాకెట్ సరిపోతుంది. మడిస్తే పిడికిలంత, గుట్ట దిగేటప్పుడు తొడుక్కుని ఎక్కేటప్పుడు తీసేయొచ్చు. తడుస్తారు, చలి మాత్రం వేయదు. స్కూటర్ మీద వేసుకునే పీవీసీ రెయిన్‌కోటు మాత్రం వద్దే వద్దు. లారీ పక్కనుంచి పోతే తెరచాపలా లాగుతుంది, అంచు చైన్‌రింగ్‌లో చిక్కుతుంది, లోపల ఉడికిపోతారు. తల మీద హెల్మెట్ కింద ముందు అంచున్న గుడ్డ టోపీ పెట్టుకోండి. కళ్లలో వాన కొట్టకుండా ఇంత చిన్న వస్తువు చేసే మేలు పెద్ద జాకెట్ చేయదు.

రైడ్ టీషర్టు నూలుదైతే వానలో అది శత్రువే. నీళ్లు పీల్చి బరువెక్కి, భుజాల దగ్గర, చంకల దగ్గర రాసి పుండు చేస్తుంది. ఫొటోకి వేసుకుని, బయల్దేరే ముందు పాలిస్టర్ జెర్సీకి మారండి. నిర్వాహకులకి మా విన్నపం కూడా ఇదే, దాతల పేర్లు పాలిస్టర్ మీదే అచ్చు వేయించండి. ప్యాడింగ్ ఉన్న నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోవద్దు. రాసుకునే చోట్ల పెట్రోలియం జెల్లీ పూయండి, సగం దారిలో మళ్లీ పూయడానికి చిన్న డబ్బా ఉంచుకోండి.

లైట్లు వెనక రెండు, ఒకటి నిలకడగా వెలిగేది, ఒకటి మిణికేది. ఐపీఎక్స్4 అంటే చిమ్మే నీళ్లు తట్టుకుంటుంది, మడ్‌గార్డు లేని చక్రం వెనక బిగిస్తే అదీ చాలదు. ఫోనుకి జిప్ కవరు రెండు పొరలు. తడి తెర మీద వేలు పనిచేయదు కాబట్టి మలుపుల వివరం, అత్యవసర నంబర్లు చిన్న కాగితం మీద రాసి టేపు అంటించి పెట్టుకోండి.

వానలో దాహం తెలియదు, చెమట మాత్రం పోతూనే ఉంటుంది. గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి లెక్క, 750 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం వంపేయకండి. సీసా మూతి రోడ్డు నీళ్లకి ఎదురుగానే ఉంటుంది, ముందు మడ్‌గార్డు లేకపోతే పేడనీళ్లు తాగినట్టే. మూత మీద టోపీ ఉన్న సీసా తీసుకోండి. పల్లీపట్టీ కవరులో విడివిడి ముక్కలుగా పెట్టుకుంటే ఒక చేత్తో తీయొచ్చు.

ఏ రైడ్‌లో చేరాలో తేల్చుకునే ముందు నిర్వాహకుల్ని మూడు విషయాలు అడగండి. వెనకబడినవాళ్లని ఎక్కించుకునే వ్యాన్ ఉందా, అందులో సైకిళ్లు పడతాయా? దారి నీట మునిగితే మలుపు ఎక్కడ? పిడుగులొస్తే ఎవరు ఆపుతారు? మూడోదానికి స్పష్టంగా జవాబు లేకపోతే చందా ఇచ్చి ఇంట్లో ఉండండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే గుంపు మొత్తం ఆగాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా కదలకూడదు. చేవెళ్ల దారిలోని పెద్ద మర్రిచెట్లు జల్లుకి గొడుగులా కనిపిస్తాయి. పిడుగుకి అవే అందరికంటే ముందు దొరుకుతాయి. పక్కా కట్టడంలోకో, తలుపులేసిన బస్సులోకో వెళ్లాలి. కిలోమీటర్లు తగ్గినా దాతలెవరూ డబ్బు వెనక్కి అడగరు. ఆ మాట బయల్దేరే ముందే మైకులో చెప్పే నిర్వాహకులు దొరికితే వాళ్లతోనే వెళ్లండి.

తొక్కేటప్పుడు జారే చోట్లు: తెల్ల గీతలు, స్పీడ్ బ్రేకరు పెయింటు, మ్యాన్‌హోల్ మూత, ఫ్లైఓవర్ మీది ఇనుప జాయింట్లు, రైలు పట్టాలు. వీటిమీద బ్రేకు వద్దు, వంగడం వద్దు, నిటారుగా అడ్డంగా దాటాలి. వాన మొదలైన తొలి పావుగంట మరీ చెడ్డది, జిడ్డు అప్పుడే పైకి తేలుతుంది. అడుగు కనిపించని నీళ్లలోకి చక్రం దించకండి, మూత లేని మ్యాన్‌హోల్ అక్కడే ఉంటుంది.

ఇంటికి చేరాక అలసిపోయి సైకిల్ గోడకి ఆనించేస్తే, మర్నాటికి చైను ఎర్రబడుతుంది. పైపు నీళ్లు సన్నగా పోసి కడగండి, ప్రెషర్ వాషరు హబ్బుల మీద కొట్టొద్దు, గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోతాయి. చైను గుడ్డతో తుడిచి ఆరాక నూనె వేయండి. సీట్‌పోస్టు ఎంత ఎత్తులో ఉందో టేపుతో గుర్తు పెట్టి, బయటికి లాగి, సైకిల్ తలకిందులుగా నిలబెట్టండి. వెనక చక్రం లేపిన నీళ్లు సీటు దగ్గర సందులోంచి ఫ్రేములోకి దిగి ఉంటాయి, ఫుల్ మడ్‌గార్డు లేని సైకిళ్లలో ఒక్కోసారి గ్లాసెడు దాకా కారతాయి. బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది.